ఎర్రగా వెలిగిన పేరు

సాఫ్ట్‌వేర్ ప్రతి కొత్త వెర్షన్‌తో పాటు, ఏమేం మారాయో చెప్పే ఒక రిలీజ్ నోట్ బయటికొస్తుంది. అందులో రెండే శీర్షికలు. పైన "కొత్త సదుపాయాలు", కింద "సరిచేసినవి". పైదాన్ని జనం చదువుతారు, మెచ్చుకుంటారు, ఫోటో తీసి తెలిసినవాళ్ళకి పంపుతారు. కిందిదాన్ని ఎవరూ చదవరు. తక్ సెహీ ఆ కంపెనీలో చేరిన దగ్గర్నుంచి చేసిన పనంతా ఆ కిందే ఉంది.

కంప్యూటర్ కంపెనీల ఊరు పంగ్యోలో గాజు మేడలకి కొదవలేదు. అలాంటి ఒక మేడలో, కాఫీ కొట్టుకీ దంతవైద్యుడికీ మధ్య ఉన్న అంతస్తులో వాళ్ళ ఆఫీసు. వాళ్ళు తయారుచేసేది ఒకే ఒక్క సరుకు. పేరు బల్జగుక్, అంటే అడుగుజాడ. జావాలో రాసిన ప్రోగ్రాములకి అది వేగులవాడు లాంటిది. ఎవరో ఒకరు ఫోన్‌లో ఒక బటన్ నొక్కుతారు. ఆ మాట ఒక సర్వర్‌కి వెళ్తుంది, అది ఇంకోదాన్ని అడుగుతుంది, అది డేటాబేస్ గుమ్మం ముందు వరసలో నిలబడుతుంది. బల్జగుక్ దాని వెనకే చప్పుడు చెయ్యకుండా నడిచి, ఎక్కడెక్కడికి వెళ్ళింది, ఎక్కడ ఎంతసేపు కూలబడింది అన్నీ తెరమీద బొమ్మ గీసి చూపిస్తుంది. గుండ్రాలూ, గీతలూ. చలాకీగా ఉన్న గుండ్రం ఆకుపచ్చ. నత్తనడక నడిచేది ఎరుపు.

ఈ బొమ్మ కదలాలనీ, మెరవాలనీ, తిరగాలనీ కొత్త కొత్త ఊహలు పుట్టేది బన్ గ్యుజిన్ బుర్రలో. సెహీ పక్క సీటే అతనిది. మంచివాడే, కానీ మొదలెట్టినంత ఉత్సాహంగా ఏదీ పూర్తిచెయ్యడు. ఒక వెర్షన్‌లో అతని ఊహ "కొత్త సదుపాయాలు" కింద ఊరేగుతుంది. ఆ తర్వాతి వెర్షన్‌లో దాని తాలూకు చిల్లులన్నీ "సరిచేసినవి" కిందికి చేరతాయి. ఆ చిల్లులు పూడ్చేది సెహీ. విందు అతనిదీ, అంట్లు ఆమెవీ.

"ఈ ఏడాది ఏం చేశావే?" అని వాళ్ళమ్మ సొల్లాల్ కొత్త సంవత్సరం పండగకి అడిగితే, "సరిచేశానమ్మా" అంది సెహీ.

"మీ పిన్ని కొడుకూ అదే చేస్తున్నాడు. బాయిలర్లు. బాగానే సంపాదిస్తున్నాడట" అంది అమ్మ, పళ్ళెంలో ఇంకో అట్టు వేస్తూ.

అప్పుడే ఒట్టు పెట్టుకుంది సెహీ. చచ్చి చెడైనా సరే, ఈసారి ఒక్క వరస పైన పడాలి. ఒకే ఒక్క వరస.

ఆ వరస ఆమె బుర్రలో ఎప్పట్నుంచో ఉంది. ఎక్కడైనా ప్రోగ్రాము నెమ్మదించిందంటే మొదట జరిగేది రిపేరు కాదు, ఫోన్లాట. ఇది ఎవరు రాశారు? నేను కాదు, ఆయన్నడగండి. ఆయన మానేశాడు, ఈవిడ చూస్తోంది. నేను చూడట్లేదు, పై అంతస్తు వాళ్ళు చూస్తారు. ఇలా ఊరంతా తిరిగొచ్చేసరికి సగం రోజు అయిపోతుంది. అందుకని గుండ్రం ఎర్రబడగానే ఆ ముక్క రాసిన మనిషి పేరు దాని మీదే పెద్దగా కనపడేలా, ఆ పేరు నొక్కితే నేరుగా ఆ మనిషి ఫోన్ మోగేలా చేసింది సెహీ. చూడ్డానికి చిన్నదే. కానీ పాత ప్రోగ్రాముల చరిత్రంతా తవ్వి ఎవరిది ఏదో తేల్చడానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది.

టీమ్ లీడర్ యోమ్ హ్వాసుక్ ఎవర్నీ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు. ఆవిడ దాన్ని చూసి, కళ్ళజోడు పైకి తోసుకుని, "బావుంది. పైన పెట్టు" అంది. అంతే. సెహీ మెట్ల దగ్గరికెళ్ళి ఎవరూ లేకుండా చూసి రెండు గంతులేసింది.

"కంగ్రాట్స్. పై అంతస్తు గాలి ఎలా ఉంది?" అన్నాడు గ్యుజిన్, ఆమె తిరిగి సీట్లోకి వచ్చాక.

"నువ్వు ఇన్నాళ్ళూ పీల్చావుగా, కొంచెం వాడిపోయింది."

"నీ దాంట్లో చిల్లులు పడితే మాత్రం నన్ను పిలవకు తల్లీ. నాకు సూదీ దారం చేతకాదు."

"తెలుసు. అందుకే ఒక్క చిల్లూ లేకుండా కుట్టాను" అంది సెహీ. ఆ మాట అన్నప్పుడు నిజంగానే నమ్మింది పాపం.

బుధవారం సాయంత్రం తాళం. వాళ్ళ ఆఫీసులో అలాగే అంటారు. తాళం పడ్డాక ఆ వెర్షన్‌లోకి కొత్తది ఏదీ వెళ్ళడానికి లేదు, తప్పుల్ని దిద్దే సవరణలు మాత్రమే వెళ్ళొచ్చు. బేరం కుదిరేలా ఉన్న ఒక పెద్ద కంపెనీకి మంగళవారం నాడే కొత్త వెర్షన్ చూపించడానికి హ్వాసుక్, గ్యుజిన్, సెహీ ముగ్గురూ సువన్ ఊరు వెళ్ళారు.

అది సాంగ్జో కంపెనీ, అంటే అంత్యక్రియల ఏర్పాట్లు చూసేది. నెలనెలా కొంత కట్టుకుంటూ పోతే, ఇంట్లో ఎవరైనా పోయిన రోజున ఒక్క బటన్ నొక్కితే చాలు. శవవాహనం, పూలు, నల్లబట్టలు, భోజనాలు, ఏడ్చే ఓపిక తప్ప మిగతావన్నీ వాళ్ళే తెచ్చిపెడతారు. అలాంటి చోట ప్రోగ్రాము నెమ్మదించడమంటే మామూలు సంగతి కాదు. లోపల పెద్దదిక్కు పోయి పడుకుని ఉంటే, వాకిట్లో కొడుకు ఫోన్ పట్టుకుని, తిరుగుతున్న చక్రాన్ని చూస్తూ నిలబడాలి. అందుకే వాళ్ళకి అడుగుజాడ కావలసొచ్చింది.

సమావేశం గదిలో గోడంత తెర. బల్జగుక్‌ని ముందే వాళ్ళ ప్రోగ్రాముకి తగిలించి ఉంచారు. ముందు వరసలో వాళ్ళ కంప్యూటర్ విభాగం పెద్ద, జేగల్ చున్‌షిక్ గారు. అరవైకి దగ్గర్లో ఉన్న మనిషి, సన్నగా, మోచేతుల దగ్గర అరిగిన కోటు. జూన్ నెలాఖరుకి పదవీ విరమణట. ఆయన వెనక ఆయన కింద పనిచేసే కుర్రకారంతా నల్లబట్టల్లో బిగుసుక్కూర్చున్నారు. ఆ కంపెనీలో రోజూ అవే బట్టలు.

గ్యుజిన్ తన కదిలే బొమ్మ చూపించాడు. తలలూపారు. తర్వాత, "ఇప్పుడు మా తక్ సెహీ గారి సదుపాయం" అని దారిచ్చి తప్పుకున్నాడు. సెహీ గొంతు సవరించుకుని, "ఇప్పుడొక ఇంటి నుంచి శవవాహనం కోసం కబురొచ్చింది అనుకుందాం" అని బటన్ నొక్కింది.

గీతలు పరిగెత్తాయి. ఒక గుండ్రం, రెండు గుండ్రాలు ఆకుపచ్చగా వెలిగాయి. మధ్యలో ఉన్న పెద్ద గుండ్రం కాసేపు ఊగిసలాడి ఎర్రబడింది. దాని మీద, గోడకి ఈ చివర నుంచి ఆ చివరదాకా, నిప్పులాంటి ఎర్రటి అక్షరాల్లో ఒక పేరు లేచింది.

జేగల్ చున్‌షిక్.

వెనక వరసలో ఎవరో అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఇంకొకడు "తూ, తూ" అని దిష్టి తీసినట్టు పక్కకి ఉమ్మి, తర్వాత అది సమావేశం గది అని గుర్తొచ్చి నాలిక్కరుచుకున్నాడు.

మనిషి పేరు ఎర్రగా రాయకూడదు. ఈ సంగతి ఆ దేశంలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. బడిలో పక్కవాడి మీద ఒళ్ళు మండితే వాడి పేరు ఎర్ర పెన్నుతో రాసి పారిపోతారు. వాడు ఏడుస్తూ టీచర్ దగ్గరికి వెళ్తాడు. బతికున్నవాడి పేరు ఎర్రగా రాయడమంటే నువ్వు పోవాలని రాయడమే. చదువుకున్నవాళ్ళూ, సర్వర్లు కట్టేవాళ్ళూ, ఇదంతా చాదస్తమని నవ్వేవాళ్ళూ కూడా వాళ్ళమ్మ పేరు మాత్రం ఎర్ర సిరాతో రాయరు. అటువంటిది, నెల తిరక్కుండా రిటైరయ్యే పెద్దమనిషి పేరు, శవాల కంపెనీలో, ఆయన బలగమంతా చూస్తుండగా, గోడంత ఎర్రగా!

మరి ఇన్ని వారాలు పరీక్షించినప్పుడు ఎవరికీ ఎందుకు తట్టలేదు? ఆఫీసులో పరీక్షకి మనుషుల పేర్లు వాడకూడదని నియమం. అందుకని సెహీ మధ్యాహ్నం భోజనాల పేర్లు వాడింది. నూడుల్సు, పులుసులు, కూరలు. కారం కలిపిన చల్లటి నూడుల్సు పేరు ఎర్రగా వెలుగుతుంటే అందరికీ నోరూరింది గానీ ఒక్కడికీ అనుమానం రాలేదు.

సెహీకి ఏ బటన్ నొక్కాలో తెలియలేదు. గ్యుజిన్ ఒక్క ఉరుకున వెళ్ళి తెర ప్లగ్గు పీకేశాడు. దీపాలార్పిన ఆ గది చీకట్లో జేగల్ గారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు తీశారు. తలుపు తీసుకుని వెళ్ళిపోయారు.

తిరుగు దారిలో కారులో హ్వాసుక్ కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

"ఆయన్ని చంపేశాం" అంది.

"లీడర్ గారూ, రంగు మారిస్తే..."

"రంగు గురించి కాదు సెహీ. ఆయన పేరు నెమ్మదైన గుండ్రం మీద పెట్టాం. ఆయన మనుషుల ముందు. నీ వల్లే ఇదంతా ఆలస్యమవుతోందని చెప్పాం. పైగా నువ్వు పోతే బావుణ్ణని ఎర్రగా రాసి మరీ చెప్పాం. ఇంకేం మిగిల్చాం? ఆయన అమ్మానాన్నల్ని తిట్టలేదు, అంతేగా."

"తిట్టడానికి టైం లేదు, నేను ప్లగ్గు పీకేశాను" అన్నాడు గ్యుజిన్ స్టీరింగ్ దగ్గర్నుంచి.

మర్నాడు తాళం పడేముందు హ్వాసుక్ స్వయంగా రిలీజ్ నోట్ తెరిచి, సెహీ వరసని కొట్టేసింది. ప్రోగ్రాములోంచి దాన్ని పూర్తిగా పీకెయ్యడానికి వేళ లేదు కాబట్టి లోపలే ఉంచి, ఒక తెర దించి కనపడకుండా చేశారు. "కొత్త సదుపాయాలు" కింద గ్యుజిన్ కదిలే బొమ్మ మిగిలింది, ఇంకో రెండు మిగిలాయి. సెహీ వాటిని చూస్తూ కూర్చుంది. ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. ఎవరి మీద మండాలో తెలియక ఇంకా మండింది.

గురువారం పొద్దున ఫోనొచ్చింది. జేగల్ గారు. "తక్ సెహీ గారు మాత్రమే రావాలి, మధ్యాహ్నం భోజనానికి" అన్నారట. హ్వాసుక్ ఆ మాట చెప్పి, సెహీ భుజం మీద చెయ్యి వేసి, "వంగి దణ్ణం పెట్టు. ఏమన్నా పడు. ఎదురు చెప్పకు" అంది. దారిలో సెహీ ఒక పెట్టె పియర్ పళ్ళు కొంది. తప్పు ఒప్పుకోవడానికి ఉత్త చేతులతో వెళ్ళకూడదు కదా.

ఆయన ఆమెని తీసుకెళ్ళింది చల్లటి సోయాపాల నూడుల్సు అమ్మే చిన్న కొట్టుకి. కూర్చోగానే సెహీ బల్లకి నుదురు తగిలేలా వంగింది.

"మేనేజర్ గారూ, క్షమించండి. నా బుద్ధి గడ్డి తిని..."

"ముందు తిను. నూడుల్సు ఉబ్బిపోతాయి" అన్నారాయన. "నీకు ఎర్ర మాంసం పులుసు ఇష్టమేమో, నేను మాత్రం బయట తినను. ఏ చావింటికెళ్ళినా అదే పులుసు. ఇన్నేళ్ళుగా తిన్నాను. అందుకే తెల్లగా ఉన్నవి తింటాను."

తిన్నారు. ఆయన గిన్నె ఎత్తి అడుగుదాకా తాగి, మూతి తుడుచుకుని, "ఆ గుండ్రం నిజంగానే నెమ్మదా?" అని అడిగారు.

ఎదురు చెప్పకూడదన్న మాట గుర్తొచ్చింది సెహీకి. కానీ అబద్ధం చెప్పడం ఆమెకి చేతకాదు. "నిజమేనండీ. అక్కడే ఆగిపోతోంది. ఒక్కొక్క బండిని ఒక్కొక్కసారి వెళ్ళి అడుగుతోంది, ఖాళీయేనా ఖాళీయేనా అని. అన్నిటినీ ఒకేసారి అడగొచ్చు."

ఆయన పగలబడి నవ్వారు. పక్క బల్ల వాళ్ళు తిరిగి చూసేంత నవ్వు.

"అప్పుడు మాకున్నవి రెండే బండ్లు తల్లీ! రెంటినీ విడివిడిగా అడిగితే ఏం పోయింది? ఇప్పుడు ఊరూరా బండ్లే. ఇన్నాళ్ళూ నేను నెట్‌వర్క్ కుర్రాళ్ళని తిడుతూ కూర్చున్నాను. పాపం, వాళ్ళు రోజూ తీగలు మార్చేవాళ్ళు!"

"అయితే... మీకు కోపం రాలేదా? మొన్న లేచి వెళ్ళిపోయారు కదా."

జేగల్ గారు కాసేపు చాప్‌స్టిక్స్ సరిగ్గా పెట్టారు, మళ్ళీ పెట్టారు.

"ఫుట్‌బాల్ ప్రపంచకప్ మన దేశంలో జరిగిన ఏడాది రాశాను దాన్ని. జనమంతా ఎర్ర చొక్కాలేసుకుని రోడ్ల మీద గంతులేస్తున్నారు. నేను లోపల కూర్చుని, ఏ ఇంటికి ఏ బండి వెళ్ళాలో రాస్తున్నాను. ఒక్కణ్ణే. తర్వాత పైన ఎన్ని వచ్చాయో! కొత్త యాప్ అన్నారు, రిబ్బను కత్తిరించారు. కింద హాల్లో రాతి పలక ఉంది చూశావా? దాని మీద డైరెక్టర్ల పేర్లున్నాయి, బయటి కంపెనీ పేరుంది, కుండీలు పెట్టినవాడి పేరు కూడా ఉంది. లోపల తిరిగేది ఇప్పటికీ నాదే. నా పేరు మాత్రం ఎక్కడా లేదు. మా ఆవిడ కూడా నేను కంప్యూటర్లు తుడుస్తానేమో అనుకుంటుంది."

సెహీ ఆయన గ్లాసులో నీళ్ళు పోసింది.

"మొన్న గోడ మీద చూశాను. కోపం కాదమ్మాయ్, నోట మాట రాలేదు. బయటికెళ్ళి మా ఆవిడకి ఫోన్ చేసి, నా పేరు గోడంత ఉందే అన్నాను. నిజమా అని ఏడ్చింది. ఏ రంగులో అని అడగలేదులే."

సెహీకి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నూడుల్సు గిన్నెలోకి తల దించుకుంది.

"నెలాఖరుకి నేను వెళ్ళిపోతాను" అన్నారాయన. "ఈలోపు అది మా గోడ మీదికొస్తుందా? నా కుర్రాళ్ళకి అది ఎవరు రాశారో కూడా తెలియదు. వాళ్ళకి తెలిస్తే, నేనుండగా కూర్చోబెట్టి నేర్పిస్తాను. రంగు మాత్రం మార్చు. నా సంగతి సరే, మా వాళ్ళు ఆ గదిలోకి రావడానికి భయపడుతున్నారు."

"నల్లగా పెట్టమంటారా?"

"నల్ల అక్షరాల్లో పేరా? మా కంపెనీలో అది చావు కబురు."

"తెలుపు?"

"చావింట్లో పెట్టే చామంతులు."

"బూడిద రంగు?"

"చాట్‌లో పేరు బూడిద రంగులోకి మారిందంటే మనిషి ఉద్యోగం మానేసినట్టు. నెలాఖరుకి ఎలాగూ మారుతుంది. ముందే తొందరెందుకు?"

"పోనీ పసుపు?"

"నా కళ్ళకి కనపడదు. ఇన్నాళ్ళకి పేరొస్తే నాకే కనపడకపోతే ఎలా? నీలం పెట్టు. మా ఆవిడ కారు నీలం."

సెహీ గాల్లో తేలుతూ పంగ్యో చేరింది. హ్వాసుక్ మొహం అప్పటికే వెలిగిపోతోంది. సాంగ్జో కంపెనీ బేరానికి ఒప్పుకుంటూ కబురు పంపిందట.

"ఏం మంత్రం వేశావే! సరే, ఇప్పుడు విను" అంది హ్వాసుక్, ఎన్నడూ లేనంత మెత్తగా. "ఆకురాలు కాలంలో చుసోక్ పండగ అయ్యాక వచ్చే వెర్షన్‌లో నీదే మొదటి వరస. రంగు తీరిగ్గా ఎంచుకో. పెద్ద సభలో నువ్వే వేదికెక్కి చూపించు. మీ అమ్మకి ఫోటో పంపేలా."

"చుసోక్ అయ్యాకా? ఆయన జూన్ నెలాఖరుకి వెళ్ళిపోతారు లీడర్ గారూ."

"తాళం పడింది కదా. ఇప్పుడు లోపలికి వెళ్ళేవి సవరణలే. నియమం నువ్వే చెప్తావు ఎప్పుడూ."

నిజమే. గ్యుజిన్ తాళం పడ్డాక కూడా ఏదో ఒకటి దూర్చబోతే, చెయ్యి పట్టుకుని ఆపేది సెహీయే. ఆమె నిలబడి ఆలోచించింది. ఆలోచన తట్టగానే, తట్టకపోతే బావుండేదనిపించింది.

"అది లోపలే ఉంది" అంది నెమ్మదిగా. "తెర దించాం, అంతే. ఎందుకు దించాం? రంగు తప్పు కాబట్టి. రంగు దిద్దితే అది తప్పుని దిద్దే సవరణే. తెర తీసెయ్యొచ్చు."

హ్వాసుక్ కళ్ళజోడు తీసి తుడిచింది. "తీసెయ్యొచ్చు. కానీ అప్పుడది 'సరిచేసినవి' కింద బయటికెళ్తుంది. ఒకసారి బయటికెళ్ళిన దాన్ని చుసోక్ తర్వాత కొత్తదని ఏ మొహం పెట్టుకుని చెప్తాం?"

"చెప్పలేం."

"తెలిసే అంటున్నావా?"

"ఒక్క గంట టైమివ్వండి" అంది సెహీ.

మేడ మీదికెళ్ళి, యంత్రంలోంచి తీసిన కాఫీ పట్టుకుని నిలబడింది. గ్యుజిన్ వెనకే వచ్చాడు.

"నీకేమన్నా పిచ్చా? మొదటి వరస! నాకే ఎప్పుడూ మొదటి వరస రాలేదు తెలుసా, రెండోదీ మూడోదీ తప్ప" అన్నాడు.

"తెలుసు. నేనేగా అచ్చు దిద్దేది."

"ఆయనకి కావలసింది దొరికిందిగా. గోడమీద చూసుకున్నాడు, పెళ్ళానికి చెప్పుకున్నాడు. నీ సంగతి చూసుకో."

అదే మాట సెహీ కూడా లోపల్లోపల అనుకుంటోంది. గ్యుజిన్ నోట వినేసరికి అసహ్యం వేసింది, అతని మీద కాదు. ఎన్నాళ్ళ ఆశ! పొద్దున్నే రైలెక్కి, అందరూ వెళ్ళాక కూడా కూర్చుని, ఇంకొకళ్ళు చించిన బట్టలు కుడుతూ గడిపిన రోజులన్నిటికీ అది ఒక్కటే ప్రతిఫలం అనుకుంది. ఇప్పుడు వదులుకుంటే మళ్ళీ ఇలాంటి ఊహ వస్తుందన్న నమ్మకం కూడా లేదు. ఆమె గ్యుజిన్ కాదు, వారానికో ఊహ పుట్టడానికి. నిజం చెప్పాలంటే ఆమెకి వదులుకోవాలని లేదు. కానీ ఏ రంగులో అని అడక్కుండా ఏడ్చిన ఆ ముసలావిడ సంగతి చెవిలోంచి పోలేదు. కాఫీ చల్లారిపోయింది. పారబోసి కిందికి వచ్చింది.

రంగు మార్చడం ఒక్క వరస పని. రిలీజ్ నోట్‌లో దాన్ని రాయడమే ఎక్కువసేపు పట్టింది. రాసింది, కొట్టేసింది, మళ్ళీ రాసింది. చివరికి ఇలా మిగిలింది: "నెమ్మదించిన చోట ఎవరిని అడగాలో తెలిసేది కాదు. ఇప్పుడు ఆ ముక్క రాసినవారి పేరు నీలి రంగులో కనిపిస్తుంది. సరిచేశాం."

కొత్త వెర్షన్ సోమవారం బయటికెళ్ళింది. ఆ రాత్రి పందిమాంసం కాలుస్తూ అందరూ గ్లాసులెత్తి గ్యుజిన్ కదిలే బొమ్మకి జేజేలు కొట్టారు. గ్యుజిన్ మొహమాటంగా సెహీ వైపు గ్లాసు ఎత్తబోతే ఆమె కళ్ళతోనే వారించింది. ఇంటికెళ్ళి నిద్రపోయింది. బాధ లేదని కాదు. ఉంది. కొత్త చెప్పు కరిచినట్టు, నడిచినప్పుడల్లా తెలుస్తూనే ఉంది.

జూన్ చివరి శుక్రవారం మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది.

"తక్ సెహీ గారేనా? నేను, జేగల్‌ని. ఇవాళ్టితో ఆఖరు."

"అయ్యో, నేనే చేద్దామనుకుంటున్నాను. వచ్చిందాండీ గోడ మీదికి?"

"వచ్చిందా ఏమిటి, వారం రోజులుంది. కుర్రాళ్ళంతా వచ్చి నా చుట్టూ కూర్చున్నారు. వాళ్ళచేతే దిద్దించాను. బండ్లన్నిటినీ ఒకేసారి అడుగుతోంది ఇప్పుడు. గుండ్రం ఆకుపచ్చగా మారి నా పేరు పోయింది. పోతే పోయింది, మళ్ళీ ఎప్పుడో నెమ్మదించకపోదు" అని నవ్వారు. "మంగళవారం పొద్దున్నే చూశాను మీ నోటు. ఆ వరస వెంటనే దొరికింది."

"కిందెక్కడో, చివర్న ఉంది కదండీ. ఎలా చూశారు?"

"నేను చదివేదే కింద. పైది ఎప్పుడూ చదవలేదమ్మాయ్. పైన మీరు అమ్మదలుచుకున్నది ఉంటుంది. మేం మొత్తుకున్నది మీకు వినపడిందో లేదో తెలిసేది కిందే. రెండేళ్ళ కిందట మీ పరీక్ష వెర్షన్ వాడినప్పుడు, అర్ధరాత్రి దాటితే గడియారం వెనక్కి వెళ్తోందని ఉత్తరం రాశాను. తర్వాతి వెర్షన్‌లో 'సరిచేశాం' అని వచ్చింది. అది ఎవరు?"

"నేనేనండీ."

"అనుకున్నాను. రాతలో పోలిక ఉంది. మేం వేరే కంపెనీల సరుకులు కూడా చూశాంలే. మీ దగ్గరే ఎందుకు కొన్నాం అనుకున్నావు? ఆ తిరిగే బొమ్మ చూసా?"

పక్కన గ్యుజిన్ ఏమైందని కళ్ళతో అడిగాడు. సెహీ చేత్తో ఆగమని, మొహం కిటికీ వైపు తిప్పుకుంది. కళ్ళు తుడుచుకోవడానికి చేతికి ఏమీ దొరక్క మోచేత్తో తుడుచుకుంది. ఇన్నేళ్ళూ చీకట్లో కూర్చుని కుట్టాననుకుంది. అవతల ఒక మనిషి దీపం పెట్టుకుని ప్రతి కుట్టూ చదువుతున్నాడు.

"ఉన్నావా?" అన్నారు జేగల్ గారు.

"ఉన్నానండీ."

"ఒక ఫిర్యాదుంది. రాసుకో. పేరు నొక్కితే నా ఆఫీసు బల్ల మీద ఫోన్ మోగుతోంది. రేపట్నుంచి అక్కడ ఎత్తే నాథుడుండడు. మా ఇంటి నంబరు పెట్టడానికి వీలుంటుందా?"

"మీరు రిటైరయ్యారు కదండీ! ఇంట్లో ఉండగా కూడా చేస్తారు వాళ్ళు."

"చెయ్యనీ. నేను తోటలో ఉంటే మా ఆవిడ ఎత్తుతుంది. అప్పుడే అడుగుతోంది, ఎప్పుడు మోగుతుందని."

సెహీ నంబరు రాసుకుంది. ఒకసారి చదివి వినిపించింది, ఆయన సరే అన్నారు. ఫోన్ పెట్టేశాక, తర్వాతి వెర్షన్ కోసం తెరిచి ఉంచిన ఖాళీ రిలీజ్ నోట్ ముందుకు లాక్కుంది. పైన "కొత్త సదుపాయాలు" కింద గ్యుజిన్ అప్పుడే ఏవో రెండు ఊహలు రాసి పెట్టాడు. సెహీ వాటిని దాటుకుని కిందికి వెళ్ళి, "సరిచేసినవి" కింద మొదటి వరస రాయడం మొదలుపెట్టింది. ఈసారి ప్రతి మాటా చూసి చూసి రాసింది, చదివే మనిషి ఉన్నాడని తెలుసు కాబట్టి.